కడియం మందారాన్ని అరకు చలికి తీసుకెళ్లే ముందు

కడియపులంక నర్సరీలో కొన్న మందార కుండీతో అరకులోయకు వెళ్తున్నారా? గోదావరి ఉక్కపోతలో పెరిగిన మొక్క అది. 10 డిగ్రీల కంటే తక్కువ చలిని ఓర్చుకోలేదు. అక్కడ చలికాలపు రాత్రులు అంతకంటే దిగువకు పోతాయి. ముందే ఇవి చూసుకోండి.

• అన్నిటికంటే ముఖ్యం మట్టి. డెల్టా ఒండ్రుమట్టి జిగురుగా ఉంటుంది. మన ఎండకు త్వరగానే ఆరిపోతుంది కానీ, చలిలో రోజుల తరబడి తడిగానే ఉండి వేళ్లను కుళ్లబెడుతుంది. చలి మొదలుకాక ముందే ఇసుక, కొబ్బరిపొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపిన గుల్ల మట్టిలోకి మార్చండి. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోలేదు కదా?

• ఆకుల అడుగున పిండినల్లి, పేనుబంక లాంటి పురుగులు ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి పిచికారీ చేయండి. ఆ పురుగులతో మొక్కను ఇంట్లోకి తేవద్దు.

• చలి రోజుల్లో కుండీని ఇంట్లో పెట్టడానికి ఎండ పడే కిటికీ ముందే చూసుకోండి.

• పైమట్టి ఆరాకే గోరువెచ్చని నీళ్లు. చలి తగ్గేదాకా ఎరువు వద్దు.

చోటు మారగానే ఆకులు పసుపుపచ్చబడి రాలతాయి. దయచేసి పీకి పారేయకండి! గోటితో బెరడు గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే మొక్క బతికే ఉంది.