హార్డ్ ట్రాన్స్: ఒరిజినల్‌నీ రీమిక్స్‌నీ పక్కపక్కన పెట్టి వినడం ఎలా

మా పాలకొల్లు వైపు సంక్రాంతికి డీజే బండి తిరగని వీధి ఉండదు, కాబట్టి రీమిక్స్ అంటే పాత పాటకి బేస్ తగిలించి స్పీడు పెంచడమేగా అనుకుంటాం. హార్డ్ ట్రాన్స్‌లో అలా కాదు. 90ల మొదట్లో జర్మనీలో ఊపందుకున్న ఈ ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో రీమిక్స్ చేసేవాడు ఒక్కోసారి మెలొడీ ఒక్కటే ఉంచి మిగతా ఇల్లంతా కూల్చి కడతాడు.

ముందు వాల్యూమ్ సంగతి తేల్చుకోండి. ఒక రీమిక్స్ అదిరిపోయిందని నెల రోజులు మా తమ్ముడి బుర్ర తిన్నాను, తీరా చూస్తే ఆ ఫైల్ ఒరిజినల్ కంటే ఓ మూడు డెసిబెల్స్ గట్టిగా ఉంది, అంతే. కాస్త గట్టిగా మోగేది మన చెవికి బాగున్నట్టే ఉంటుంది మరి. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, రెండు ఫైల్సూ అందులో వేసి, కిక్ (ధబ్ ధబ్‌మని పడే పెద్ద డ్రమ్ దెబ్బ) ఫుల్లుగా కొట్టే చోట రెండూ ఒకేలా వినపడేదాకా గట్టిగా ఉన్నదాన్ని తగ్గించండి. తర్వాత ఒక్క ఫైలే వినపడేలా చేసే సోలో బటన్‌తో ఇటూ అటూ మారుతూ వినండి.

స్పీడు తేడా ఉంటే సమం చేయకండి. నిమిషానికి 150 బీట్ల రీమిక్స్‌ని 140కి లాగితే, కీ లాక్ (స్పీడు మారినా శ్రుతి మారకుండా పట్టి ఉంచేది) లేకపోతే శ్రుతి ఒక మెట్టు కంటే కాస్త ఎక్కువే కిందికి దిగిపోతుంది, మెలొడీ బరువుగా, విషాదంగా వినిపిస్తుంది. అది మీరు చేసిన మార్పు, రీమిక్స్ చేసినవాడిది కాదు.

ఇక లెక్క. నాలుగు కిక్‌లు ఒక బార్. 140 దగ్గర 32 బార్లంటే సుమారు 55 సెకన్లు, 150 దగ్గర 51. హ్యాట్ (చిక్ చిక్‌మనే తాళం) ఎప్పుడొచ్చింది, బేస్ ఎప్పుడొచ్చింది, కిక్ ఎప్పుడాగింది, కాగితం మీద టైముతో రాసుకోండి. మొదట్లో నిమిషం పాటు ఒట్టి డ్రమ్సే ఉన్నాయని విసుక్కోకండి, అది డీజే ఇంకో ట్రాకుతో కలుపుకోడానికి వదిలిన చోటు.

బేస్ పట్టుకోడానికి నా చిట్కా: నోటితో తకధిమి అనండి. కిక్ ‘త’ మీద పడుతుంది. బేస్ ‘ధి’ మీద ఒక్కసారే పడితే ఆఫ్‌బీట్, ‘క ధి మి’ మూడింటి మీదా పడితే రోలింగ్. మొదటిది ఎగిరెగిరి పడుతుంది, రెండోది నరసాపురం రేవులో పంటు ఇంజిన్‌లా ఆగకుండా దొర్లుకుంటూ పోతుంది. మెలొడీ మీద చెయ్యి వేయకుండా ఈ ఒక్కటి మార్చినా ట్రాకు నడకే వేరైపోతుంది, చాలామంది దీన్ని గమనించరు.

అసలు పస బ్రేక్‌డౌన్‌లో, అంటే మధ్యలో కిక్ ఆగిపోయే భాగంలో ఉంది. కిక్ ఆగాక మెలొడీ పూర్తిగా వినపడుతుందా, లేక దాన్ని ముందే బయటపెట్టేశాడా? మూసుకుపోయినట్టున్న శబ్దాన్ని మెల్లగా విప్పే ఫిల్టర్ ఎన్ని బార్లలో తెరుచుకుంటోంది, స్నేర్ రోల్ (చిన్న డ్రమ్ మీద గబగబా పడే దెబ్బల వరస) ఎప్పుడు మొదలైంది? ఒరిజినల్‌లో 303 అనే రోలాండ్ బేస్ సింథ్ యాసిడ్ లైన్ జీరగా మెలికలు తిరిగిన చోట రీమిక్స్‌లో సూపర్‌సా అనే సింథ్ శబ్దం పెట్టాడేమో చూడండి, అది ఏడు గొంతులు కాస్త కాస్త శ్రుతి తప్పి కలిసి పాడినట్టు ఉంటుంది. నాకైతే ఆ సూపర్‌సా అతిగా పూస్తే బెల్లం ఎక్కువైన పాయసంలా ఉంటుంది. ఎదురుచూపు తగ్గించి డ్రాప్ (కిక్ మళ్లీ విరుచుకుపడే చోటు) తొందరగా పెట్టిన రీమిక్స్‌కి నేను మార్కులు వేయను, ఎంత గట్టిగా కొట్టినా సరే.

అలవాటు కోసం ‘ఏజ్ ఆఫ్ లవ్’ అనే ట్రాకుతో మొదలుపెట్టండి. ఒరిజినల్ 1990ది, జనం గుండెల్లో ఉండిపోయింది 1992లో జామ్ అండ్ స్పూన్ అనే జర్మన్ జంట చేసిన రీమిక్స్. హార్డ్ ట్రాన్స్ కాదుగానీ, రీమిక్స్ అసలుని మించిపోవడం ఎలా ఉంటుందో చెవికి తెలుస్తుంది.

ఫోన్ స్పీకర్లో ఈ పని పెట్టుకోవద్దు, కిక్ అడుగు భాగం అందులో రానే రాదు. ముందు విన్నదే సరైనదని మనసు పట్టు పడుతుంది కాబట్టి మర్నాడు వరస మార్చి రీమిక్స్‌తో మొదలుపెట్టండి. చివరికి నేను కళ్లు మూసుకుని కూర్చుంటాను, తమ్ముడు తనకి తోచినట్టు సోలో నొక్కుతాడు, నచ్చినప్పుడల్లా చెయ్యెత్తుతాను. ఎన్నిసార్లు దేనికి ఎత్తానో వాడు రాసి చూపించాక గొడవ మొదలవుతుంది.