రమోన్స్ మొదటి ఎల్పీ బెజవాడలో సరిగ్గా వినాలంటే

రమోన్స్ అంటే న్యూయార్క్ పంక్ రాక్ బృందం. 1976 ఏప్రిల్ 23న వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్‌లో 14 పాటలున్నాయి, అన్నీ కలిపి 29 నిమిషాలు. ఏ ఒక్కటీ మూడు నిమిషాలు దాటదు. న్యూయార్క్‌లో 6,400 డాలర్ల ఖర్చుతో రికార్డు చేశారు. జోయీ గొంతు, జానీ గిటారు, డీ డీ బేస్, టామీ డ్రమ్స్: సరంజామా దాదాపు ఇంతే. లోపం దాచడానికి వేరే వాయిద్యాలు లేవు కాబట్టి వేగం కాస్త తగ్గినా, ఒక పక్క స్పీకరు మూగబోయినా పాటకి ప్రాణం పోతుంది. ఇంత ఇష్టమైన రికార్డుని ఎలాగోలా వినడం అన్యాయం.

ముందు కుడి ఎడమల సంగతి. ఈ ఆల్బమ్‌లో బేస్ ఎడమ స్పీకర్లో, గిటారు కుడి స్పీకర్లో ఉంటాయి. గొంతు, డ్రమ్స్ మధ్యలో. ఒక్క డబ్బా ఉన్న బ్లూటూత్ స్పీకర్లో వింటే రెండూ కలిసి ముద్దయిపోతాయి. ఒక చెవికే ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గిటారో, బేసో గల్లంతు. ఫోన్ సెట్టింగుల్లో ‘మోనో ఆడియో’ (రెండు పక్కలా ఒకే శబ్దం) ఆన్‌లో ఉందేమో కూడా చూడండి. మొదటి పాట పెట్టి ఆంప్లిఫయర్ బ్యాలెన్స్ మీట పూర్తిగా ఎడమకి తిప్పండి. గిటారు దాదాపు మాయమైతే అంతా బాగున్నట్టే. బేస్ మాయమైతే వైర్లు తారుమారయ్యాయి. ప్లేయర్ వెనక తెల్ల పిన్ను ఎడమ, ఎర్ర పిన్ను కుడి. అక్కడ సరిగ్గానే ఉంటే ముల్లు బిగించిన కార్ట్రిడ్జి వెనక చూడండి: తెలుపు, నీలం ఎడమవి, ఎరుపు, ఆకుపచ్చ కుడివి. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. 2016లో వచ్చిన నలభయ్యో వార్షికోత్సవం సెట్టులోని ఎల్పీ మోనో మిక్స్. అదీ మంచిదే, కానీ దానిమీద ఈ పరీక్ష పనిచేయదు.

ఇక వేగం. బెజవాడ, గుంటూరు ఇళ్ళల్లో చాలా ప్లేయర్లు అమెరికా నుంచి పిల్లలో, బంధువులో తెచ్చినవే. అక్కడ కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్ (సెకనుకి అన్ని ఊపులు). మనది 230, 50. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ దిగుతుంది, హెర్ట్జ్ మారదు. పాతకాలపు ఏసీ మోటారు హెర్ట్జ్‌ని బట్టే తిరుగుతుంది కాబట్టి నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సింది దాదాపు 28 దగ్గరే ఆగుతుంది. రెండు నిమిషాల 12 సెకన్ల మొదటి పాట రెండు నిమిషాల 38 సెకన్లకి సాగుతుంది, శ్రుతి మూడు మెట్లు కిందికి జారుతుంది. అది ఇక రమోన్స్ కాదు. రికార్డు తిరిగే పళ్ళెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, రికార్డు మోగుతుండగా స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టండి. మూడు నిమిషాలకి సరిగ్గా 100 చుట్లు రావాలి. 83 దగ్గర ఆగితే తప్పు హెర్ట్జ్‌ది. కొన్ని మోడళ్ళకి 50 హెర్ట్జ్ పుల్లీ (మోటారుకి తగిలించే చిన్న చక్రం) దొరుకుతుంది, అది మారిస్తే చాలు. అడాప్టరు మీద ‘100–240’ అని రాసి ఉన్న డీసీ మోటారు ప్లేయరుకి ఈ బెడద లేదు. కరెంటు పోతే ముందు మీటతో ముల్లు పైకి లేపండి. కొన్ని రకాల ఇన్వర్టర్ల మీద స్పీకర్లు గుయ్యిమంటాయి, ఆ కాసేపు ఆపేయడమే మేలు.

ముల్లు బరువుని కంపెనీ చెప్పిన అంకెకే పెట్టండి. కొన్నిటికి 2 గ్రాములు, చవక రకాలకి 3.5 దాకా ఉంటుంది. యాంటీ స్కేట్ (ముల్లు లోపలికి లాగుకుపోకుండా పట్టే మీట) సున్నా చేసి, వెనక బరువుని తిప్పుతూ ముల్లున్న ప్లేయర్ చెయ్యి గాలిలో తేలేట్టు చేయండి. అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తెచ్చి, అక్కణ్ణుంచి బరువునీ చక్రాన్నీ కలిపి కావలసిన అంకెకి తిప్పండి. యాంటీ స్కేట్ కూడా అదే అంకెకి. తేలిగ్గా ఉంటే రికార్డుకి మంచిదనుకుంటారు గానీ, తక్కువ బరువుతో ముల్లు గాడిలో కుదురుగా నిలవక గోడల్ని కొడుతుంది. గిటారు బరబరమనడానికి ఇదీ ఒక కారణం.

ప్లేయరుని స్పీకరున్న బల్ల మీద పెట్టకండి. బేస్ అదురు ముల్లుకెక్కి హోరు మొదలవుతుంది. మన ఇళ్ళల్లో గోడలోకి దించిన కడప బండ అర దీనికి ఎంత బాగా పనికొస్తుందో! బరువుగా, కదలకుండా ఉంటుంది. పడమటి గోడ మాత్రం వద్దు, సాయంత్రానికి బండ సెగలు కక్కుతుంది.

ఎండ దగ్గరే అసలు నష్టం. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. వినైల్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో ఆపిన కారు లోపల ఆ వేడి రావడం కష్టమేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో ఆర్డర్ పెట్టకపోవడం మంచిది. తప్పకపోతే పార్సిలుని గేటు దగ్గర వదలొద్దని ముందే చెప్పండి. వచ్చాక వెంటనే విప్పకుండా నీడలో బల్లపరుపుగా నాలుగైదు గంటలు ఉంచండి. తర్వాత ఎప్పుడూ నిలబెట్టే దాచాలి. ఒకదానిమీద ఒకటి పేరిస్తే వేడికి వంగుతాయి. గోడకి రెండంగుళాలు ఎడంగా, నేలకి ఎత్తుగా పెడితే చెదల భయం తగ్గుతుంది. కలరా ఉండలు వేయకండి, అట్టకి పట్టిన ఆ వాసన వదలదు.

కడగడానికి బోరు నీళ్ళు పనికిరావు. ఉప్పు తెల్లగా గాడిలో పేరుకుని చిటపటలాడుతుంది. 400 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఒకే ఒక్క చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలపండి. మధ్య లేబుల్ తడవకుండా మైక్రోఫైబర్ గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో తుడిచి, ఫ్యాను ఆపి ఆరనివ్వండి. ఫ్యాను తిరుగుతుంటే తడి మీదికి దుమ్ము వచ్చి అతుక్కుంటుంది. తాతల నాటి పద్యాల 78 రికార్డులుంటే ఈ మందు వాటి దరిదాపులకి తేకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్‌కి కరిగిపోతాయి.

గిటారు పట్టడం వచ్చినవాళ్ళకి ఈ ఆల్బమ్ మరో మేలు చేస్తుంది. బ్యాలెన్స్ ఎడమకి తిప్పితే జానీ తప్పుకుంటాడు. డీ డీ, టామీ, జోయీ మీకోసం వాయిస్తుంటారు. మొదటి పాటకి ముఖ్యంగా కావలసినవి ఏ, డీ, ఈ కార్డులు. చెయ్యి కిందికే కొట్టాలి, పైకి కొట్టకూడదు. సెకనుకు దాదాపు ఆరు దెబ్బలు. మొదటిరోజే ఆ వేగం అందుకోబోతే ముంజేయి బిగుసుకుపోతుంది. మెట్రోనోమ్ 120 దగ్గర మొదలుపెట్టి, పాట మొత్తం నొప్పి లేకుండా వాయించగలిగాక ఐదేసి చొప్పున పెంచండి.