హాన్ వంశపు లియు కుటుంబం ఎలాంటిదో పాత చరిత్రల్లోంచి రాబట్టడం ఎలా

ముందు సీమా చియెన్ రాసిన చైనా చరిత్ర ‘షీజీ’ 8వ అధ్యాయం చదవాలి, హాన్ వంశ చరిత్ర ‘హాన్‌షూ’ మొదటి అధ్యాయం ఆ తర్వాతే. హాన్‌షూ ఆ వంశ స్థాపకుడు లియు బాంగ్ వంశాన్ని పురాణ చక్రవర్తి యావో దాకా లాక్కెళ్తుంది. నూట యాభై ఏళ్లకు పైగా ముందు రాసిన షీజీలో ఆయన చరిత్ర యావోతో మొదలవదు. ముందే హాన్‌షూ పట్టుకుంటే ఆ వంశావళి బుర్రలోంచి పోదు.

షీజీలోనూ రెండు పొరలున్నాయి. తల్లి మీద డ్రాగన్ వాలిందన్న కథ సింహాసనానికి వన్నె తెచ్చేది. దాన్ని పక్కన పెట్టండి. తల్లిదండ్రుల అసలు పేర్లే దొరకకపోవడం, హాన్‌కు ముందున్న ఛిన్ వంశపు పాలనలో ఆయన సీషుయ్ ఠాణా అధికారిగా ఖైదీలను, ఛిన్ చక్రవర్తి సమాధి కడుతున్న లీషాన్‌కు తోలుకెళ్లడం లాంటివి గొప్ప కోసం ఎవరూ కల్పించరు. వాటిని రాసుకోండి.

అలాగని ‘కటిక పేద రైతులు’ అని తేల్చేయకండి. తమ్ముడు లియు జియావ్ గురువు దగ్గర కన్ఫ్యూషియన్ల ప్రాచీన కవితా సంకలనం ‘గీతాల గ్రంథం’ చదువుకున్నాడు. ఇంటి గుట్టు బాగా తెలిసేది షీజీ 50వ అధ్యాయంలో: మరిది లియు బాంగ్ స్నేహితులను వెంటేసుకుని తిండికొస్తుంటే విసిగిన పెద్ద వదిన, పులుసు అయిపోయినట్టు కుండ గీకి చప్పుడు చేసింది. తీరా చూస్తే కుండలో పులుసుంది. చక్రవర్తి అయ్యాక ఆమె కొడుక్కి పదవి ఇవ్వలేదు. తండ్రి అడిగితే ఇచ్చాడు గానీ, బిరుదులో ఆ కుండ గీకుడే పెట్టాడు. అధికారం వచ్చినా ఊరి పగలు ఎలా నిలిచాయో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఆధారం నాకు కనిపించదు.

పండితుల మీద లియు బాంగ్ వైఖరి దగ్గర ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. కన్ఫ్యూషియన్ల టోపీలో మూత్రం పోశాడన్న మాట 97వ అధ్యాయంలో ఉంది. అది లియు బాంగ్‌ను కలవాలనుకున్న పండితుడు లి యిజీని హెచ్చరిస్తూ, లియు బాంగ్ దగ్గరి ఒక రౌతు అన్న మాట. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నారో పక్కన రాసుకోండి. తర్వాత తేదీల వరుస పెట్టండి. క్రీ.పూ. 200లో కన్ఫ్యూషియన్ పండితుడు షూసున్ తోంగ్ కూర్చిన కొలువు మర్యాదలు చూసి మురిసిపోయాడు. క్రీ.పూ. 195లో కన్ఫ్యూషియస్ సొంత గడ్డ లూ ప్రాంతంలో కన్ఫ్యూషియస్‌కు బలి అర్పించాడు. గ్రంథాల మీద ఛిన్ కాలంలో పెట్టిన నిషేధం తొలగింది మాత్రం కొడుకు హుయ్ కాలంలో, క్రీ.పూ. 191లో. లియు బాంగ్ కోడలు దౌ మహారాణి దావో మార్గపు ‘హువాంగ్-లావ్’ బోధలనే పట్టుకుని ఉండగా, ఆమె మనవడు ఊ చక్రవర్తి క్రీ.పూ. 136లో కన్ఫ్యూషియన్ల పంచ గ్రంథాలకు ఆచార్యులను నియమించాడు. ‘లియు కుటుంబం వైఖరి’ అని ఒక్క మాటలో రాస్తే ఇదంతా చెరిగిపోతుంది.

లియు బాంగ్ సొంత చూ ప్రాంతపు అభిరుచికి వేరే గడి పెట్టండి. షూసున్ తోంగ్ పండితుల దుస్తులు మార్చి పొట్టి చూ అంగీ వేసుకున్నాకే ఆయనకు నచ్చాడు. క్రీ.పూ. 195లో సొంతూరు పెయ్‌లో 120 మంది పిల్లలకు తన పాట నేర్పించాడు. ఆయన పోయాక హుయ్ వాళ్లను పెయ్‌లోని తండ్రి ఆలయంలో వాద్యకారులుగా ఉంచి, ఖాళీ వచ్చినప్పుడల్లా భర్తీ చేయించాడు.