మీ ఫాంటసీ లోకం "ఎక్కడో చదివినట్టుంది" అంటున్నారా: సమస్య - పరిష్కారం

కథ నడపడం, డైలాగు రాయడం మీకు వచ్చనే అనుకుని చెప్తున్నా. ఇది ఒక్క లోకం గురించే, అంటే మీరు కట్టుకున్న రాజ్యాలు, జాతులు, మంత్రాలు, మ్యాపులు వగైరా.

ముందు ఇది చూడండి (ఎవరూ చూడరు)

మీ కథని పది వాక్యాల్లో రాయండి, ఒక్క పేరు కూడా వాడకుండా. ఊరి పేరు, జాతి పేరు, కత్తి పేరు అన్నీ పీకేసి "ఒక ముసలాయన", "ఒక వస్తువు", "ఎప్పుడో ఓడిపోయి మళ్ళీ లేస్తున్న ఒక చెడ్డ శక్తి" అని మాత్రమే రాయండి. ఆ కాగితం ఫాంటసీలు బాగా చదివే ఫ్రెండ్‌కి ఇచ్చి ఇది ఏ కథో చెప్పమనండి. రెండో వాక్యం దగ్గరే ఏదో ఒక పేరు చెప్పేస్తే సమస్య ఉన్నట్టే. ఇంత చిన్న పని చేయకుండా జనం నేరుగా "అసలు ఒరిజినల్ అనేదే లేదు కదండీ, అన్నీ ఎవరో ఒకరు రాసేసినవే కదా" అనే చర్చలోకి దిగిపోతారు, ఆ చర్చ తెల్లారేదాకా చేసినా డ్రాఫ్ట్‌లో ఒక్క పేజీ మారదు.

లక్షణం: పేర్లు, జీవులు చూడగానే ఫలానాది గుర్తొస్తోంది

కారణం మీకూ తెలుసు. ఆ రచయిత అంటే ఇష్టం, వారాల తరబడి ఆ లోకంలోనే ఉన్నారు, అక్కడి వాసన అంటుకుంది. పేర్లు మార్చండి, ఆ జీవి కథకి అవసరమా కాదా చూసి లేకపోతే తీసేయండి. ఇది తేలిక. అసలు తంటా దీని తర్వాతే.

లక్షణం: పేర్లన్నీ మనవే పెట్టా, అయినా అదే అంటున్నారు

నా దగ్గరికొచ్చే డ్రాఫ్టుల్లో ఎక్కువ ఇవే. ఎల్ఫ్‌ల చోట యక్షులు ఉంటారు, విజార్డ్ చోట సిద్ధుడు, డ్రాగన్ చోట ఏదో నాగం, రాసినాయన గర్వంగా "మొత్తం మన నేటివిటీ అండీ" అంటాడు. తెరిచి చూస్తే ఉత్తరాన మంచుకొండలు, పడమర సముద్రం, మొదటి చాప్టర్లో వానలో తడుస్తూ హీరో ఒక సత్రానికి వస్తాడు, మూల బల్ల దగ్గర ముసుగేసుకున్న మనిషి కూర్చుని ఉంటాడు, యజమాని రొట్టె, వేడి వేడి సూపు తెచ్చి పెడతాడు. రాజ్యం పేరేమో ఏదో వర్ధనపురం! ఆ రాజ్యంలో వరి ఎక్కడ పండుతుంది, ఎవరు పండిస్తారు, పన్ను ఎవరు వసూలు చేస్తారు అని అడిగితే జవాబుండదు. ఎందుకంటే ఆ ప్రశ్నలకి ఇంకో రచయిత ఎప్పుడో ఇంకో దేశపు వాతావరణానికి సరిపడా జవాబులు రాసేశాడు, ఈయన ఆ జవాబులన్నీ అలాగే ఉంచి పైన బోర్డు మార్చాడు.

కాపీ ఎప్పుడూ పేర్లలో దొరకదు, ఎవరూ ఆలోచించని చోట దొరుకుతుంది. జనం ఏం తింటారు, దేనికి భయపడతారు, ఎవరి పని ఆగితే ఊరు ఆగిపోతుంది లాంటివి. వీటిని మనం "ఫాంటసీ అంటే ఇంతే కదా" అని అనుకోకుండానే పెట్టేస్తాం. చలికాలం అంటే చావు అని రాస్తాం, మన దగ్గర మనిషిని చంపింది వాన రాకపోవడమో, రావాల్సిన దానికన్నా ఎక్కువ రావడమో.

ఏం చేయాలి: లోకంలో ఒక్క బతుకుతెరువు తీసుకుని దాన్ని అడుగుదాకా తవ్వండి. చెరువు తీసుకుందాం, కాకతీయుల కాలం నుంచీ తెలంగాణ పల్లె దీని మీదే నడిచింది కాబట్టి సరుకు బోలెడు దొరుకుతుంది. కట్ట ఉంటుంది, పొలాలకి నీళ్ళు వదిలే తూము ఉంటుంది, నిండితే నీళ్ళు పొర్లిపోయే అలుగు ఉంటుంది. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసేవాడు నీరటి, అతనికి కూలి డబ్బుల్లో కాదు, పంట మీద గింజల్లో ఇచ్చేవాళ్ళు. ఆయకట్టు, అంటే చెరువు నీళ్ళతో పండే భూమి, మొదట్లో ఉన్న రైతుకీ చివర్లో ఉన్న రైతుకీ నీళ్ళ దగ్గర తగువు తప్పదు. కట్ట మీద మైసమ్మ. పైగా ఇవి విడివిడిగా ఉండవు, గొలుసుకట్టు చెరువులు, పైదాని అలుగు పారితే కిందది నిండుతుంది, పైది తెగితే ఆ వరదకి కిందవి ఒకదాని తర్వాత ఒకటి తెగుతాయి.

ఇప్పుడు దీంట్లో మంత్రం పెట్టండి. ఆ శక్తి ఎవరికి కావాలి? నిండు చెరువులో దిగి తూము మూత ఎత్తాల్సిన వాడికి కావాలి. ఏ రాత్రి కట్ట ఎక్కడ చెమరుస్తుందో ముందే పసిగట్టేవాడు ఆ ఊళ్ళో రాజుకన్నా పెద్దవాడు అవుతాడు, లేదా అందరూ అనుమానంగా చూసే మనిషి అవుతాడు, ఏదైనా కథే. విలన్‌కి నల్ల కోట, రాక్షస సైన్యం అక్కర్లేదు, పై చెరువు వాడి చేతిలో ఉంటే చాలు, కట్ట రిపేరు చేయించకుండా నవ్వుతూ కూర్చుంటే కింద ముప్పై ఊళ్ళు వాడి కాళ్ళ దగ్గరికొస్తాయి. యుద్ధం ప్రకటించాల్సిన పని కూడా లేదు. ఇది నేను కష్టపడి "ఒరిజినల్‌గా" ఆలోచించింది కాదు, చెరువు ఎలా పనిచేస్తుందో చూస్తే దానంతటదే వచ్చింది.

ఇక్కడా మోసపోయే వాళ్ళున్నారు. చెరువు వర్ణన రెండు పేజీలు రాసి మళ్ళీ సత్రంలో ముసుగు మనిషి దగ్గరికే వెళ్ళిపోతారు. కథలోంచి చెరువు తీసేసి చూడండి, ఏమీ కూలకపోతే అది రంగు మాత్రమే. మీది చెరువే కానక్కర్లేదు, బీడీలు చుట్టడమో, సముద్రం మీద వేటో, దుబాయ్‌లో లేబర్ క్యాంపో, మీకు లోపలి సంగతి తెలిసింది ఏదైనా పర్లేదు.

లక్షణం: కాపీ అవుతుందన్న భయంతో అన్నీ వింతగా పెట్టా, ఎవరికీ అర్థం కావట్లేదు

మూడు చంద్రులు, పలకలేని పేర్లు, తలకిందుల నది. ఈ మూడు వింతల్లో రెండు తీసేయండి, ఒకటి ఉంచండి. అంతే.

లక్షణం: ప్రభావం పడకూడదని చదవడమే మానేశా

ఇది మందు అనుకుంటారు గానీ జబ్బుని పెంచేది ఇదే. చదవడం ఆపితే పాతది చెరిగిపోదు, ఉన్న ఆ ఒక్క రచయితే మిగులుతాడు. ఇంకా చదవండి, కానీ ఫాంటసీ కాదు, ఆ ఫాంటసీ రాసినాయన చదివినవి. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాసిన టోల్కీన్ తన మరుగుజ్జుల పేర్లు చాలావరకు పాత నార్స్ కవితలో ఉన్న ఒక జాబితా నుంచి తీసుకున్నాడు, ముసలి మాంత్రికుడు గాండాల్ఫ్ పేరు కూడా ఆ జాబితాలోదే. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు ప్రొఫెసరు, తన చేతికి అందిన పాత సాహిత్యంలో తవ్వుకున్నాడు. మీరు ఆయన వండిన వంట తీసుకోవడం కాదు, మీ సరుకు దగ్గరికి వెళ్ళాలి. గ్రామదేవతల కథలు, జిల్లా గెజిటీర్లు (జిల్లా వివరాలన్నీ రాసిపెట్టిన ప్రభుత్వ పుస్తకాలు), శాసనాలు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే నీళ్ళ తగాదాలు.

పాత కథ వాడుకోవడం తప్పేం కాదు. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు, జనం అల్లుకున్న కథ, 1957లో మాయాబజార్ తీసినప్పుడు దానికి అప్పటికే ఎన్నో రూపాలున్నాయి. అయినా అది ఎవరి కాపీలానూ అనిపించదు, ద్వాపరయుగపు పెళ్ళి విడిదిలో గోంగూర కోసం మాట్లాడుకునే మనుషులు అందులో ఉన్నారు కాబట్టి.

అరుదైనవి

ఎప్పుడో చదివింది మర్చిపోయి సొంతదే అనుకుని రాసేయడం: జరుగుతుంది, పేర్లు తీసేసిన ఆ కాగితం పట్టేస్తుంది. మీరు చదవనే లేని పుస్తకంతో కలవడం: వదిలేయండి. కేసు వేస్తారేమో అని భయం: 1978లో ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత వేసిన కేసులో సుప్రీంకోర్టు ఐడియాకి, థీమ్‌కి, ప్లాట్‌కి కాపీరైట్ లేదని చెప్పింది, వాక్యాలు, సీన్లు ఎత్తి పెట్టుకోనంతవరకు దీని గురించి నిద్ర పాడు చేసుకోకండి.