కిట్టీ హాక్ వెళ్తే ముందు గుట్ట ఎక్కకండి

మా మామయ్యగారు తెనాలిలో ముప్ఫై ఏళ్లు సైకిల్ షాపు నడిపారు. కిందటేడు ఆయన, అత్తయ్యగారు అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో మా ఇంటికి వచ్చినప్పుడు, మొదటి విమానం ఎగిరిన చోటు, అందరూ కిట్టీ హాక్ అనేది, కారులో వెళ్లొచ్చేంత దూరమేనని, దాన్ని తయారుచేసిన అన్నదమ్ములదీ సైకిల్ షాపేనని చెప్పాను. మర్నాడు తెల్లవారేసరికి ఆయన చొక్కా టక్ చేసుకుని కూర్చున్నారు.

క్యారీ నుంచి యూఎస్ 64 పట్టుకుని తూర్పుకి వెళ్తే సుమారు 200 మైళ్లు. ఆగకుండా వెళ్తే మూడున్నర గంటలు, పెద్దవాళ్లతో అయితే ఐదు వేసుకోండి. ఎండాకాలం శనివారాలు వద్దు. బీచ్ ఇళ్లు అద్దెకు తీసుకునేవాళ్లు ఆ రోజే మారతారు, రోడ్డు కదలదు. కొలంబియా అనే ఊరు దాటాక చాలాదూరం అడవి, చిత్తడి నేలలే. పెట్రోలు, రెస్ట్‌రూమ్ ఆ ఊళ్లోనే చూసుకోండి. ఫోన్‌లో కిట్టీ హాక్ అని కొడితే ఆ పేరున్న ఊరికి తీసుకెళ్తుంది. అసలు చోటు పక్క ఊరు కిల్ డెవిల్ హిల్స్‌లో ఉంది, కాబట్టి రైట్ బ్రదర్స్ నేషనల్ మెమోరియల్ అని కొట్టండి. పదహారేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. నేషనల్ పార్కుల పాస్ ఉంటే వెంట తెచ్చుకోండి.

లోపలికి రాగానే గుట్ట మీద 60 అడుగుల గ్రానైట్ స్తంభం కనిపిస్తుంది. అందరూ అటే నడుస్తారు. మీరు అటు వెళ్లకండి. ఆ గుట్ట మీంచి రైట్ సోదరులు ఎగిరింది ఇంజిన్ లేని గ్లైడర్లతో. 1903 డిసెంబర్ 17న ఇంజిన్‌తో ఎగిరింది కింద చదునైన నేల మీంచి. అక్కడ ఒక పెద్ద రాయి, దానికి ఉత్తరంగా వరసగా నాలుగు గుర్తులు ఉంటాయి: 120, 175, 200, 852 అడుగులు. ఆ రోజు నాలుగుసార్లు విమానం ఎక్కడెక్కడ దిగిందో అవే చెబుతాయి.

పిల్లల్ని రాయి దగ్గర నిలబెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టండి. మొదటిసారి తమ్ముడు ఆర్విల్ 120 అడుగులు వెళ్లడానికి 12 సెకన్లు పట్టింది. మా తొమ్మిదేళ్లవాడు ఏడు సెకన్లలో పరిగెత్తేసి, "తాతయ్యా, నేను విమానం కంటే ఫాస్ట్!" అన్నాడు. "ఎదురుగాలిలో సైకిల్ తొక్కితే ఎలా ఉంటుందిరా?" అని మామయ్యగారు అడిగారు. ఆ రోజు గాలి గంటకు 20 మైళ్ల పైనే వీస్తోంది. రెక్కల మీదుగా గాలి పోవాలని కావాలనే దానికి ఎదురెళ్లారు, అందుకే నేల మీద ముందుకు సాగింది తక్కువ. 852 అడుగుల గుర్తు దాకా కూడా తప్పకుండా నడవండి. అది అన్న విల్బర్ 59 సెకన్లలో వెళ్లిన దూరం. నడిస్తేనే ఒక్క పూటలో ఎంత ముందుకెళ్లారో తెలుస్తుంది. బూట్లు మాత్రం విప్పనివ్వకండి, గడ్డిలో పల్లేరు కాయల్లాంటి ముళ్లు, నాగజెముడు ఉంటాయి.

తర్వాత మ్యూజియం. అసలు విమానం వాషింగ్టన్‌లో ఉంది, ఇక్కడున్నది నమూనా. అయినా దాని చైన్ల దగ్గర ఆగండి. ఇంజిన్ నుంచి రెండు ప్రొపెల్లర్లకూ సైకిల్‌కి ఉన్నట్టే పళ్ల చక్రాలు, చైన్లు. ఒక చైన్‌ని ఎనిమిది అంకెలా మెలి తిప్పారు. అది మొదట చూసింది మామయ్యగారే. "ఇట్లా వేస్తే రెండోది తిరగబడి తిరుగుతుంది" అని వేలితో గాల్లో గీసి చూపించారు. నిజమే, రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. సైకిల్ ట్యూబు అట్టపెట్టెని చేత్తో మెలిపెడుతుంటేనే రెక్కల్ని అలా వంచి విమానాన్ని అదుపు చేయొచ్చని విల్బర్‌కి తట్టిందని నేను చెప్పినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఇక్కడ తొందరపెట్టకండి, గంట కేటాయించండి.

ఇక గుట్ట. ఎత్తు 90 అడుగులే అయినా దారి నిటారుగా ఉంటుంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అందుకని కారులోనే గుట్ట చుట్టూ తిరిగి వెనక వైపు వెళ్లాం. అక్కడ విమానం, అన్నదమ్ములు, చూడ్డానికి వచ్చినవాళ్లు, ఫోటో తీసిన డేనియల్స్, అందరివీ నిలువెత్తు బొమ్మలున్నాయి. పిల్లలు విమానం ఎక్కి ఆడుకోవచ్చు. వాళ్లు ఆడుతుంటే ఆవిడ నిశ్చింతగా కూర్చున్నారు.

సాయంత్రం ఉంటే ఐదారు మైళ్ల దక్షిణాన జాకీస్ రిడ్జ్ ఇసుక దిబ్బలకు వెళ్లండి, టికెట్ లేదు. ఇంటి నుంచే గాలిపటం పట్టుకెళ్లండి. తిరిగొచ్చేటప్పుడు చీకటి పడకముందే అడవి దాటండి, ఎలుగుబంట్లు రోడ్డెక్కుతాయి.