పై అంతస్తుకు 4కె బొమ్మ: నెట్‌వర్క్ కేబుల్ సమస్యలు, పరిష్కారాలు

కింద హాల్లో సెట్‌టాప్ బాక్సు, పైన గదిలో ప్రొజెక్టరు, మధ్యలో గోడల్లోంచి 25 నుంచి 30 మీటర్ల వైరు. డూప్లెక్స్ ఇళ్లలో ఈ ఏర్పాటు ఇప్పుడు మామూలైపోయింది. బొమ్మ సరిగా రాకపోతే చాలామంది ముందు ఎక్స్‌టెండర్ (బొమ్మను వైరులో దూరానికి పంపే బాక్సుల జత) మారుస్తారు, ఆ తర్వాత టీవీని అనుమానిస్తారు. గోడలో ఉన్న వైరు జోలికి మాత్రం పోరు. నిజానికి అక్కడే మొదలుపెట్టాలి.

అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ వైరులో ఏ రకం సంకేతం పోతోంది? ఒకటి మామూలు ఇంటర్నెట్ డేటా, అంటే టీవీ రూటర్ నుంచి తీసుకునేది. రెండోది హెచ్‌డీబేస్‌టీ, అంటే హెచ్‌డీఎంఐ బొమ్మను దూరానికి మోసే పద్ధతి. ఇది క్యాట్ 6 అనే నెట్‌వర్క్ వైరునే వాడుకుంటుంది కానీ నెట్‌వర్క్ కాదు, ఈ చివర బాక్సు నుంచి ఆ చివర బాక్సుకు నేరుగా పోవాలి. మూడోది బొమ్మను కుదించి నెట్‌వర్క్ ప్యాకెట్లుగా పంపే ఐపీ ఎక్స్‌టెండర్. మూడింటికీ ప్లగ్గు ఒకటే కాబట్టి బయటికి తేడా తెలియదు. మాన్యువల్ తీసి చూసుకోవాలి.

బొమ్మ అసలు రావడం లేదు

రెండు బాక్సులనూ పక్కపక్కన పెట్టి, 2 మీటర్ల రెడీమేడ్ ప్యాచ్‌కార్డుతో (రెండు వైపులా ప్లగ్గులున్న చిన్న నెట్‌వర్క్ వైరు) కలపండి. బొమ్మ వచ్చిందంటే తప్పు గోడలోని వైరుది, లేదా దాని చివరలది. రాకపోతే తప్పు బాక్సులదో, సెట్టింగులదో. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఏ వస్తువూ కొనకండి.

వైరు మధ్యలో నెట్‌వర్క్ స్విచ్ (నెట్‌ను చాలా పోర్టులకు పంచే పెట్టె) ఉందేమో కూడా చూడండి. హెచ్‌డీబేస్‌టీ సంకేతం స్విచ్ గుండా పోదు. పైగా కొన్ని బాక్సులు అదే వైరులో అవతలి బాక్సుకు కరెంటు కూడా పంపుతాయి, దానివల్ల స్విచ్ పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. వైరును స్విచ్ నుంచి తీసి నేరుగా కలపండి.

తెల్ల చుక్కలు మెరుస్తున్నాయి, లేదా బొమ్మ క్షణం పోయి వస్తోంది

ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. సంకేతం చేరుతోంది కానీ దారిలో చెడిపోతోందని అర్థం. కారణాలు మూడు నాలుగున్నాయి, ఈ వరసలో చూసుకుంటూ రండి.

మొదటిది క్రింపింగ్, అంటే తీగలను ప్లగ్గులో బిగించడం. రెండు చివరలా ప్లగ్గు తీసుకుని రంగులు చదవండి. నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, ఆకుపచ్చ, నీలం-తెలుపు, నీలం, గోధుమ-తెలుపు, గోధుమ, ఇలా జతలు జతలుగా వరసగా ఉంటే అది తప్పు. రెండు వైపులా ఒకేలా ఉంది కదా అనిపిస్తుంది, చవక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరసగా వెలుగుతాయి కూడా. కానీ సంకేతం ఒక జతగా పోయేది 3, 6 పిన్నుల మీద. ఈ వరసలో 3కి ఆకుపచ్చ-తెలుపు, 6కి నీలం పడ్డాయి. అంటే వేర్వేరు మెలికల్లోంచి చెరో తీగ వచ్చింది. 4, 5 పిన్నులదీ అదే గతి. రెండు తీగలు ఒకదానితో ఒకటి మెలితిరిగి ఉండటం వల్లే బయటి విద్యుత్ గోల రద్దవుతుంది. జత విడిపోయాక ఆ రక్షణ పోయినట్టే. మామూలు ఇంటర్నెట్ అలాగే ఎలాగోలా నడిచిపోవచ్చు, 4కె బొమ్మ మాత్రం నిలవదు. సరైన వరస: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. ప్లగ్గు దగ్గర మెలిక 13 మిల్లీమీటర్లకు మించి విప్పకండి. క్యాట్ 6 తీగ లావుగా ఉంటుంది కాబట్టి క్యాట్ 5ఇ ప్లగ్గులో బలవంతంగా దూర్చొద్దు. వీలైతే గోడ దగ్గర కీస్టోన్ జాక్‌కు (గోడలో బిగించే నెట్‌వర్క్ సాకెట్) తీగలను నొక్కి బిగించి, అక్కడి నుంచి బాక్సుకు చిన్న ప్యాచ్‌కార్డు వేయండి. గోడ వైరు మళ్లీ మళ్లీ కదలకుండా ఉంటుంది.

రెండోది వైరు లోహం. బజారులో సగం ధరకు దొరికే క్యాట్ 6 బాక్సుల్లో చాలావరకు రాగి పూత పూసిన అల్యూమినియమే. తొడుగు మీద క్యాట్ 6 అని అచ్చు వేసి ఉన్నా అది క్యాట్ 6 కాదు. తీగ చివరను బ్లేడుతో గీకి చూడండి, లోపల వెండి తెలుపు కనిపిస్తే అల్యూమినియం. గోడలో ఇప్పటికే ఉన్న వైరైతే మల్టీమీటర్‌తో తేల్చొచ్చు. రెండు వైపులా బాక్సుల నుంచి ఊడదీసి, ఒక చివర ఒకే జతలోని రెండు తీగలను కలిపి, రెండో చివర ఓమ్స్ చూడండి. మీటర్ ప్రోబుల సొంత రెసిస్టెన్సు తీసేయండి. 23 గేజి (తీగ లావు కొలత, అంకె తగ్గితే తీగ లావు) అసలు రాగి క్యాట్ 6 అయితే 30 మీటర్లకు సుమారు 4 ఓమ్స్ వస్తుంది, 24 గేజి అయితే 5. ఆరు, ఎనిమిది చూపిస్తే అల్యూమినియమో, మధ్యలో పాడు జాయింటో ఉంది. వైరులోనే కరెంటు పంపే ఎక్స్‌టెండర్‌కు ఇది మరీ ఇబ్బంది. వోల్టేజి దారిలోనే పడిపోయి అవతలి బాక్సు ఆగి ఆగి రీస్టార్ట్ అవుతుంది. దీనికి వైరు మార్చడం ఒక్కటే దారి.

మూడోది కరెంటు తీగలు. ఫ్రిజ్ ఆన్ అయినప్పుడో, నీళ్ల మోటరు వేసినప్పుడో, ఇన్వర్టర్ మారినప్పుడో బొమ్మ పోతోందంటే, ఎలక్ట్రీషియన్ కేబులునూ కరెంటు వైర్లనూ ఒకే పైపులో లాగేసి ఉంటాడు. అది ప్రమాదం కూడా, ముందు వేరుచేయించండి. పక్కపక్కన పోయే చోట 30 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. ఒకదాన్నొకటి దాటాల్సిన చోట లంబకోణంలో దాటించండి. ఎడం కుదరకపోతే షీల్డు (తీగల చుట్టూ లోహపు పొర) ఉన్న క్యాట్ 6ఎ వాడాలి. దానికి రెండు చివరలా లోహపు ప్లగ్గులే వేయాలి, షీల్డు ఎర్తింగ్‌కు అందాలి. ప్లాస్టిక్ ప్లగ్గు వేస్తే షీల్డుకు పెట్టిన డబ్బు వృథా.

ఇక జంక్షన్ బాక్సులో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు, మూలల్లో నొక్కుకుపోయిన మలుపులు. క్యాట్ 6 వైరు మలుపు వ్యాసార్థం కనీసం 25 మిల్లీమీటర్లు ఉండాలి. జాయింటు ఉంటే వైరు మొత్తం కొత్తగా లాగించండి.

సినిమా బాగానే వస్తోంది, మెనూ, క్రికెట్ వస్తే తెర నల్లబడుతోంది

వైరును తిట్టకండి, ఇది లెక్క సమస్య. సెకనుకు 60 ఫ్రేముల 4కె, పూర్తి రంగులతో అయితే హెచ్‌డీఎంఐలో దాదాపు 18 గిగాబిట్లు తీసుకుంటుంది. హెచ్‌డీబేస్‌టీ 2.0 మోసేది 10.2 మాత్రమే. సినిమా 24 ఫ్రేములు కాబట్టి హెచ్‌డీఆర్‌తో (వెలుగు నీడల తేడా ఎక్కువగా చూపే పద్ధతి) సహా 9 గిగాబిట్ల లోపే సరిపోతుంది. 60 ఫ్రేముల హెచ్‌డీఆర్ రంగు సమాచారం తగ్గించి 4:2:0లో పంపినా 11 దాటుతుంది, అందుకే ఆగిపోతుంది. సెట్‌టాప్ బాక్సు లేదా స్ట్రీమింగ్ స్టిక్ సెట్టింగుల్లో 60 ఫ్రేములకు హెచ్‌డీఆర్ ఆపి, రంగు 4:2:0 పెట్టండి. సినిమాను బట్టి ఫ్రేమ్ రేటు, హెచ్‌డీఆర్ వాటంతట అవే మారే సెట్టింగు ఉంటే ఆన్ చేయండి. అన్నీ ఒకేసారి కావాలంటే హెచ్‌డీబేస్‌టీ 3.0 బాక్సులు కొనాలి. అవి కుదించకుండానే 18 గిగాబిట్లు పంపుతాయి. వాటికి క్యాట్ 6ఎ వేయండి.

4కె టీవీ అయినా 1080పీ దాటడం లేదు

దారిలో ఉన్న ఒక్క పెట్టె హెచ్‌డీసీపీ 2.2 (కాపీ కాకుండా చూసే రక్షణ) కాకపోయినా ఓటీటీ యాప్‌లు 4కె ఇవ్వవు. ఎక్స్‌టెండర్, ఏవీ రిసీవర్, టీవీ పోర్టు, అన్నీ చూడాలి. కొన్ని టీవీల్లో ఒకటి రెండు పోర్టులకే పూర్తి సామర్థ్యం ఉంటుంది, ఆ పోర్టుకూ సెట్టింగుల్లో ఎన్‌హాన్స్‌డ్ మోడ్ ఆన్ చేయాలి. అప్పటికీ రాకపోతే ఎక్స్‌టెండర్‌లోని ఈడీఐడీ (టీవీ తన సామర్థ్యం తెలిపే సమాచారం) స్విచ్‌ను టీవీ నుంచి కాపీ చేసుకునే స్థానంలో పెట్టి, అన్నీ ఆపి మళ్లీ వేయండి.

ఎక్స్‌టెండర్ వేయగానే ఇంట్లో వైఫై మందగిస్తోంది

ఐపీ ఎక్స్‌టెండర్ మల్టీకాస్ట్‌గా, అంటే ఒకేసారి చాలామందికి అందేలా పంపే డేటాను మామూలు స్విచ్ అన్ని పోర్టులకూ, వైఫైకీ గుమ్మరిస్తుంది. ఐజీఎంపీ స్నూపింగ్ (అడిగిన పోర్టుకే ఆ డేటా పంపే సదుపాయం) ఉన్న స్విచ్ పెట్టి దాన్ని ఆన్ చేయండి. లేదా రెండు బాక్సులకు మధ్య విడిగా ఒక వైరు ఇచ్చేయండి, అదే తేలిక.

హార్డ్ డిస్క్‌లోని 4కె సినిమా టీవీలో ఆగి ఆగి వస్తోంది

చాలా టీవీల ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే. అల్ట్రా హెచ్‌డీ బ్లూరే డేటా రేటు 100 దాటగలదు. ఇక్కడ క్యాట్ 8 వేసినా ఫలితం ఉండదు. గిగాబిట్ పోర్టున్న మీడియా ప్లేయర్ పెట్టండి. గిగాబిట్ పోర్టే 100 చూపిస్తోందంటే 4-5 లేదా 7-8 జతలో తీగ ఊడి ఉంటుంది. మళ్లీ క్రింప్ చేయండి.

అరగంట నడిచి ఆగిపోతోంది

హెచ్‌డీబేస్‌టీ బాక్సులు బాగా వేడెక్కుతాయి. మూసిన టీవీ క్యాబినెట్లోంచి, సెట్‌టాప్ బాక్సు మీది నుంచి తీసి గాలి తగిలే చోట పెట్టండి.

కొత్తగా వైరు వేయాల్సి వస్తే

కొత్త ఇంటికైతే అసలు రాగి, 23 గేజి, సాలిడ్ (పోగులుగా కాకుండా ఒకే తీగ) క్యాట్ 6ఎ వేయండి. 30 మీటర్లకు మంచి క్యాట్ 6 కూడా చాలావరకు సరిపోతుంది, కానీ గోడ పగలగొట్టే ఖర్చు ముందు ఈ ధర తేడా లెక్కలోకి రాదు. క్యాట్ 8 డేటా సెంటర్ల కోసం 30 మీటర్ల దూరానికి చేసింది, ఇంట్లో దాంతో పనిలేదు. ఒక్కో టీవీకి రెండు వైర్లు లాగండి, ఒకటి బొమ్మకు, ఒకటి నెట్‌కు. తర్వాత వైరు లాగడానికి పైపులో ఒక నైలాన్ తాడు వదిలేయండి.

8కె గానీ, 120 ఫ్రేముల గేమింగ్ గానీ కావాలంటే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబులే మేలు. దానికి దిశ ఉంటుంది. సోర్స్ అని రాసిన తల సెట్‌టాప్ బాక్సు వైపు ఉండాలి, తిరగేసి లాగితే బొమ్మ రాదు. పైపులో లాగే ముందే నేల మీద పరిచి రెండు వైపులా కలిపి పరీక్షించండి. 25 ఎంఎం పైపు మలుపుల్లో హెచ్‌డీఎంఐ తల ఇరుక్కుంటుంది కాబట్టి, తల ఊడివచ్చే రకం కొనండి.

డాబా మీదుగా గానీ, పక్క ఇంటికి గానీ వైరు పోవాల్సి ఉంటే రాగి వద్దు. వానాకాలం పిడుగు దగ్గర్లో పడితే రెండు వైపుల పెట్టెలూ పోతాయి. ఆ ముక్క వరకు లోహం లేని ఫైబర్ వేసి, చెరో వైపు మీడియా కన్వర్టర్ (రాగి వైరు సంకేతాన్ని ఫైబర్‌కు మార్చే పెట్టె) పెట్టి, ఐపీ ఎక్స్‌టెండర్ వాడండి.