డాక్యుమెంటరీకి పేపర్ యాడ్ చేస్తున్నారా? ముందు సినిమా పోస్టర్‌ని మర్చిపోండి

ఐదు నిమిషాల డాక్యుమెంటరీ తీయండి, దానికో పేపర్ ప్రకటన కూడా చేయండి: బ్రిటన్‌లో ఎ-లెవెల్ (మన ఇంటర్ లాంటిది) మీడియా స్టడీస్ కోర్స్‌వర్క్‌లో ఇది చాలా ఏళ్లు ఉండేది, అక్కడ చదివిన మనవాళ్ల పిల్లల్లో కొందరు చేసే ఉంటారు. ఇక్కడ మాస్ కమ్యూనికేషన్ చదివేవాళ్లకీ ఇలాంటివే ఇస్తుంటారు. వీడియో మీద నెలలు పెట్టి, యాడ్ మాత్రం చివరి రాత్రి కూర్చుని కానిచ్చేస్తారు. ఆ సంగతి చూడగానే తెలిసిపోతుంది, ఎందుకంటే నల్ల బ్యాక్‌గ్రౌండ్, నాలుగు ముఖాలు, కింద సన్నటి అక్షరాల్లో కెమెరా ఫలానా, ఎడిటింగ్ ఫలానా అని వరసగా పేర్లు. అది సినిమా పోస్టర్. డాక్యుమెంటరీ యాడ్ అలా ఉండదు.

కారణం చాలా మామూలుది. సినిమా పోస్టర్ గోడ మీద వారాల తరబడి ఉంటుంది. పేపర్‌లో వచ్చిన యాడ్ బతికేది ఒక్క పూట, అదీ పేజీ తిప్పే రెండు మూడు సెకన్లే. ఆ కాసేపట్లో చదివేవాడి బుర్రలోకి రెండే వెళ్లాలి: "అవునా, ఇదేంటి?" అనిపించే ప్రశ్న ఒకటి, అది ఏ చానల్లో ఎప్పుడొస్తుందన్నది ఇంకొకటి. వీటికి పనికిరానిది ఏదైనా తీసేయాల్సిందే, మీ పేరు అయినా సరే.

మొదలుపెట్టే ముందు చానల్ ఎంచుకోండి, డిజైన్ సగం అక్కడే తేలిపోతుంది. స్టూడెంట్లు ఎక్కువగా చానల్ 4 పట్టుకుంటారు, అందుకు కారణం ఉంది. 1982 నవంబర్ 2న మొదలైన ఆ బ్రిటిష్ చానల్ చాలాకాలం ప్రోగ్రాములు తను తీయలేదు, బయటి కంపెనీలతోనే తీయించుకుంది. ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో కంపెనీది కాబట్టి, ఇవన్నీ మా ఇంటివే అని చెప్పేది చానల్ రూపమే. అందుకే యాడ్‌లో ప్రొడక్షన్ కంపెనీ పేరు కనిపించదు, తొమ్మిది ముక్కలతో కట్టిన ఆ 4 అంకె కనిపిస్తుంది. చాలాకాలం ఆ లోగో పేజీ కుడి అంచున, దాదాపు మధ్య ఎత్తులో ఉండేది, స్లోగనూ టైమూ రంగు పట్టీల మీద దాని పక్కకే వచ్చేవి. 2015లో రూపం మార్చినప్పుడు నెవిల్ బ్రోడీ చేత హార్స్‌ఫెర్రీ, చాడ్విక్ అని సొంత ఫాంట్లు చేయించుకున్నారు. బీబీసీది ఇంకో దారి, మూడు చదరాల లోగో, నిదానమైన లేఅవుట్, ప్రకృతి ప్రోగ్రామ్ అయితే ఒక జంతువు, బోలెడు ఖాళీ. బ్రిటన్‌లో తన చానళ్లలో బయటివాళ్ల యాడ్లు వేయదుగానీ తన ప్రోగ్రాములకి బయట పోస్టర్లు పెట్టుకుంటుంది. మీరు ఏ చానల్ అనుకున్నారో దాని యాడ్లు కొన్ని దగ్గర పెట్టుకుని స్కేలుతో కొలవండి: లోగో ఎంత, అంచు నుంచి ఎంత దూరం, అక్షరాలు ఎన్ని సైజుల్లో ఉన్నాయి. విసుగ్గా ఉంటుంది కానీ మార్కులు వచ్చేది ఇక్కడే.

ఇప్పుడు బొమ్మ, అసలు పని ఇదే. వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసి పెట్టేద్దామనిపిస్తుంది, వద్దు. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ 1920×1080 పిక్సెళ్లు, ఎ4 పేజీ నిండా 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే 2480×3508 కావాలి, అంటే సాగదీసి ముద్ద చేస్తారు. అది పైకి కనిపించే కారణం. అసలు కారణం ఏంటంటే, ఫ్రేమ్ జరిగిన సంగతి చూపిస్తుంది, యాడ్ బొమ్మ చూపించాల్సింది సినిమా మొత్తం దేని గురించి అన్న ఆలోచనని. అందుకే ఆ చానళ్లు యాడ్ కోసం విడిగా ఫొటో తీయిస్తాయి, చాలాసార్లు నిజంలో ఎక్కడా జరగని దృశ్యాన్ని కట్టి మరీ.

ఉదాహరణకి మీ డాక్యుమెంటరీ రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ చేసే కుర్రాళ్ల మీద అనుకుందాం. బైక్ మీద వెళ్తున్న రైడర్ ఫొటో పెడితే? ఎవడూ ఆగడు, రోజూ వీధిలో చూసేదే. అదే వాన పడుతున్న ఫుట్‌పాత్ మీద తెరిచి పెట్టిన డెలివరీ బ్యాగు, లోపల పార్సిళ్లకి బదులు ఒక దిండు, మడతపెట్టిన దుప్పటి. మనిషి లేడు. ఇప్పుడు ప్రశ్న పుట్టింది. ఇది తీయడానికి కావాల్సింది ఒక బ్యాగు, ఇంట్లో దిండు, సాయంత్రం వెలుతురు, ఒక ఫ్రెండ్, అంతే. బొమ్మ ఒక్కటే ఉండాలి, నాలుగు బొమ్మలు అతికించి కొలాజ్ చేయకండి, ఏది ముఖ్యమో మీరే తేల్చుకోలేదని అర్థమైపోతుంది. తీసేటప్పుడే అక్షరాలకి ఖాళీ వదలండి, పైన ఆకాశమో పక్కన గోడో. తర్వాత ఫొటోషాప్‌లో ఖాళీ పుట్టించడం పెద్ద తలనొప్పి.

మనిషి ముఖమే పెట్టాలనుకుంటే చూపు ఎటో తేల్చుకోండి. సూటిగా కెమెరాలోకి చూస్తే అది చదివేవాణ్ణి నిలదీస్తుంది, సామాజిక సమస్యల మీద తీసినవాటికి బాగా పనిచేస్తుంది. పక్కకి చూస్తుంటే ఆ చూపు వెళ్లేవైపు స్లోగన్ పెట్టండి, మన కళ్లు కూడా అటే పోతాయి.

స్లోగన్ చిన్నదిగా ఉండాలి, ఏడెనిమిది మాటలు దాటితే మళ్లీ రాయండి. బొమ్మలో ఉన్నదాన్నే మళ్లీ చెప్పకూడదు. "రైడర్ల కష్టాలు" అని రాస్తే చచ్చిపోయింది. "మీ బిర్యానీ వేడిగానే వచ్చింది. తెచ్చినవాడు ఇంకా తినలేదు." ఇందులో బ్యాగూ లేదు, వానా లేదు, దిండూ లేదు, అయినా బొమ్మతో కలిసి నడుస్తుంది. బ్రిటిష్ యాడ్లలో పన్‌లు (ఒకే మాటకి రెండర్థాలొచ్చే చమత్కారాలు), ప్రశ్నలు ఎక్కువ. పన్ వాడాలంటే విషయం దాన్ని మోయగలగాలి, చావుల మీద తీసిన సినిమాకి చమత్కారం పెడితే చూసేవాడికి ఒళ్లు మండుతుంది.

స్లోగన్ పెద్దగా ఉండి, ప్రోగ్రామ్ పేరు దానికన్నా చిన్నగా ఉన్నా తప్పేం లేదు, చాలావాటిలో అలాగే ఉంటుంది. దాని కింద లేదా పక్కన రోజు, టైమ్: "మంగళవారం రాత్రి 9కి". తారీఖు చాలాసార్లు ఉండదు, ఎందుకంటే పేపర్ ఆ వారానిదే. రాత్రి 9 అన్నదానికి ఒక అర్థం ఉంది, బ్రిటన్‌లో పిల్లలకి తగనివి 9 తర్వాతే వేయాలి, దాన్ని వాటర్‌షెడ్ అంటారు, కాబట్టి ఆ టైమ్ చూడగానే కాస్త ఘాటు విషయమని పాఠకుడికి అర్థమవుతుంది. మీ రైడర్ల డాక్యుమెంటరీకి సాయంత్రం 5 అని పెడితే మీకు చానల్ తెలియదని టీచర్‌కి తెలిసిపోతుంది. ఇప్పుడైతే టైమ్ పక్కన ఐప్లేయర్ లాంటి స్ట్రీమింగ్ పేరు కూడా ఉంటోంది, పెట్టండి. ఫాంట్ ఒక్కటే చాలు, కాళ్లు లేని శుభ్రమైన అక్షరం (శాన్స్ సెరిఫ్ అంటారు), మహా అయితే రెండు మందాలు. నీడలు, మెరుపులు, రక్తం కారే అక్షరాలు వద్దు బాబూ.

తెలుగులో చేస్తుంటే ఒక్క సంగతి. ఇంగ్లీషు క్యాపిటల్స్‌లాగా మన లిపి సమానమైన పట్టీలో ఇమడదు, పైన గుడి, కింద వత్తులు ఉంటాయి. రంగు పట్టీ మీద "రాత్రి" అని పెడితే ఆ క్రావడి అంచు దాటి బయటికి వస్తుంది. పట్టీ ఎత్తు పెంచండి, లైన్ల మధ్య ఎడం ఇంగ్లీషుకి ఇచ్చినదానికన్నా బాగా ఎక్కువ ఇవ్వండి.

ప్రింట్ విషయానికొస్తే, న్యూస్‌ప్రింట్ (పేపర్ వేసే కాగితం) ఇంకుని పీల్చేస్తుంది, బొమ్మని కట్టే ఇంకు చుక్క ఉబ్బుతుంది, బొమ్మ స్క్రీన్ మీద కన్నా ముదురుగా వస్తుంది. రాత్రి దృశ్యం అయితే నీడల్ని కాస్త తేల్చి పంపండి. ఫైల్ సీఎంవైకేలో, అంటే ప్రింటింగ్‌కి వాడే నాలుగు ఇంకుల రంగుల్లో ఉండాలి, నాలుగు ఇంకులూ కలిపి 240 శాతం దాటకూడదు, మ్యాగజైన్ నున్న కాగితానికైతే 300 దాకా పరవాలేదు. నలుపు మీద తెల్లటి సన్నక్షరాలు పేపర్లో పూడుకుపోతాయి, టైమ్ లాంటి ముఖ్యమైనది అలా పెట్టొద్దు. బొమ్మ అంచు దాకా పోయే డిజైన్ అయితే చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు బొమ్మ వదలండి. ఫొటో పని ఫొటోషాప్‌లో, అక్షరాలు ఇన్‌డిజైన్‌లో పెట్టండి, డబ్బుల్లేకపోతే జింప్, స్క్రైబస్ ఉన్నాయి. అక్షరాలు ఫొటోలో కలిపేస్తే అంచులు మసకబారతాయి.

ఇంకోటి, రెచ్చగొట్టడానికి హద్దుంది. 2012లో చానల్ 4 తన జిప్సీ పెళ్లిళ్ల సిరీస్‌కి "బిగ్గర్. ఫ్యాటర్. జిప్సియర్." (ఇంకా పెద్దగా, ఇంకా లావుగా, ఇంకా జిప్సీగా) అని పోస్టర్లు వేసింది. ఫిర్యాదులు వందల్లో వచ్చాయి. ప్రకటనల ప్రమాణాలు చూసే ఏఎస్ఏ మొదట విచారణ అక్కర్లేదంది, ట్రావెలర్లనే సంచార జాతి వాళ్ల సంఘం వదలకపోవడంతో మళ్లీ చూసి అదే ఏడాది అక్టోబర్‌లో ఆ పోస్టర్లలో కొన్ని తప్పేనని తేల్చింది. గమనించాల్సిందేంటంటే, డిజైన్‌గా చూస్తే అది రూల్స్ అన్నీ పాటించిన పోస్టరే: ఒక బొమ్మ, మూడు మాటలు, లోగో. ఒక పిల్లాడి ముఖం పక్కన ఆ మాటలు చేరేసరికి ఒక జాతి మొత్తాన్నీ వేలెత్తి చూపినట్టయింది. కాబట్టి మీ యాడ్‌లో మనిషి ఉంటే, ఆ స్లోగన్‌తో సహా ఆయనకి చూపించి సంతకం తీసుకోండి. ఫొటోకి ఒప్పుకోవడం వేరు, ఆ మాటల పక్కన ఉండటానికి ఒప్పుకోవడం వేరు.

చివర్లో మామూలు బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ తీసి, అసలు పేపర్లో ఒక పేజీ మీద అతికించి, చుట్టూ వార్తలు ఉండగా, సంగతి తెలియని ఎవరికైనా ఇచ్చి పేపర్ తిప్పమనండి. తిప్పాక రెండే అడగండి: ఏ చానల్, ఎప్పుడు? చెప్పలేకపోతే టైమ్ సైజు పెంచడానికి ముందు దాని చుట్టూ ఉన్నవి తీసి చూడండి, ఎక్కువసార్లు అదే సరిపోతుంది. చానల్, టైమ్ చెప్పేసి "ఇంతకీ దేని గురించి?" అని వాళ్లే అడిగితే ఇంక ముట్టుకోకండి, పీడీఎఫ్ తీసి పంపేయండి.